పాస్కల్ మాట రోజుకొకటి: ఏది పంపాలి, ఎలా పంపాలి

మీరు అడిగింది ఇది. మూడు నెలలుగా మీ గ్రూప్‌లో రోజూ పొద్దున్నే పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త, క్రైస్తవ రచయిత బ్లేజ్ పాస్కల్ మాట ఒకటి పెడుతున్నారు. మొదట్లో అందరూ బాగుందన్నారు, ఇప్పుడు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి వెళ్లిపోతున్నారు. "ప్రతి మనిషి హృదయంలో దేవుడి ఆకారంలో ఒక ఖాళీ ఉంది" అన్న మాట పెట్టిన రోజున ఒకాయన "ఇది పాస్కల్ ఎక్కడ అన్నాడు?" అని అడిగితే మీకు దొరకలేదు. దేవుడున్నాడనే పందెం కాయడమే మేలన్న ఆయన వాదం పెట్టిన రోజున, ఏ దేవుడి మీద కాయాలని ఒక కుర్రాడు అడిగి గొడవైంది. ఇక పాస్కల్‌ని వదిలేసి ఇంకో క్రైస్తవ రచయితను ఎత్తుకోవాలా అని మీ సందేహం.

వదలకండి. పంపే పద్ధతి మార్చుకుంటే చాలు. నేను ఈ పని తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. మొదటి రెండేళ్లు అచ్చం మీలాగే చేశాను కాబట్టి, ఇక్కడ నేను తప్పు పట్టేవన్నీ ముందు నేను చేసినవే.

ఆ దొరకని మాటతో మొదలుపెడదాం. అది పాస్కల్ రాసిన వాక్యం కాదు. ఆయన రాసినదాన్ని ఎవరో కుదించి, గుండ్రంగా చెక్కి, ఆయన పేరు తగిలించారు. అసలుది వేరేగా ఉంటుంది. మనిషికి ఒకప్పుడు నిజమైన సంతోషం ఉండేదని, ఇప్పుడు దాని గుర్తు, ఖాళీ జాడ మాత్రమే మిగిలాయని ఆయన అంటాడు. ఆ జాడను మనిషి చుట్టూ ఉన్న ప్రతిదానితో నింపాలని చూస్తాడు. దగ్గరున్నవాటి వల్ల కాని పని, దగ్గర లేనివాటి వల్ల అవుతుందేమోనని వెతుకుతాడు. ఏదీ సరిపోదు. ఆ అంతులేని అగాధాన్ని అంతులేనిదీ మారనిదీ అయినదే, అంటే దేవుడే నింపగలడు. అదే తునకలో (ఆయన వదిలివెళ్లిన నోట్సులో ఒక్కో ముక్కను తునక అంటున్నాను) మనిషి దేవుడి స్థానంలో పెట్టుకున్నవాటి పట్టిక కూడా ఉంది: నక్షత్రాలు, ఆకాశం, భూమి, మొక్కలు, క్యాబేజీలు, పురుగులు, దూడలు, పాములు, జ్వరం, యుద్ధం, కరువు. అవును, క్యాబేజీలే. నకిలీ వాక్యంలో పోయినవి ఇవే: పోగొట్టుకున్న సంతోషమూ, ఆ క్యాబేజీ దాకా పోయిన వెర్రి వెతుకులాటా. మిగిలింది స్టేటస్‌లో పెట్టుకోడానికి పనికొచ్చే నున్నటి ముక్క.

ఈ నకిలీ అంత తేలిగ్గా ఎందుకు అతుక్కుందో నాకో ఊహ ఉంది. పాస్కల్ శూన్యం మీద నిజంగానే పనిచేశాడు. 1648 సెప్టెంబరు 19న ఆయన కోరిక మీద బావ పెరియే పాదరసం గొట్టంతో ప్వీ ద డోమ్ అనే కొండ ఎక్కి, పైకి పోయేకొద్దీ పాదరసం మట్టం దిగుతుందని చూపించాడు. గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణానికి ఈరోజుకీ ఆయన పేరే. అలాంటివాడు "హృదయంలో ఖాళీ" అన్నాడంటే ఎవరైనా నమ్మేస్తారు.

కాబట్టి మొదటి నియమం: నంబరు లేని మాట పంపవద్దు. పాస్కల్ విషయంలో ఇది ఛాదస్తం కాదు. ఈ మాటలన్నీ ఉన్న 'పాన్సే' ('ఆలోచనలు') అనే పుస్తకాన్ని ఆయన పుస్తకంగా రాయలేదు. క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ ఒక పెద్ద గ్రంథం రాయాలని నోట్సు రాసుకున్నాడు, అది పూర్తికాకుండానే 1662 ఆగస్టు 19న, 39 ఏళ్లకే పోయాడు. పెద్ద కాగితాల మీద గీత గీతకీ మధ్య వేరే వేరే ఆలోచనలు రాసి, తర్వాత వాటిని కత్తిరించి, చిల్లు పొడిచి, దారం ఎక్కించి కట్టలు కట్టుకున్నాడు. పేర్లు పెట్టిన కట్టలు 27. మిగతావి పేరు లేకుండానే ఉండిపోయాయి. తునకల లెక్క ఎంచే పద్ధతిని బట్టి ఎనిమిది వందల నుంచి వెయ్యి దాకా పోతుంది. 1670లో మొదటి ముద్రణ తెచ్చిన మిత్రులు వరస మార్చారు, కొన్నిచోట్ల వాడి తగ్గించారు. 1897లో బ్రున్ష్విక్ అనే సంపాదకుడు విషయాలవారీగా పేర్చాడు. ఇరవయ్యో శతాబ్దంలో లఫ్యూమా, ఆయన తర్వాత సెలియే, పాస్కల్ పోయాక ఇంట్లోవాళ్లు రాయించిన నకళ్ల ఆధారంగా పాత కట్టల వరసను తిరిగి పట్టుకున్నారు. అందుకే ఒకే మాటకి మూడు నంబర్లుంటాయి. నేను లఫ్యూమా వాడతాను. పైన చెప్పిన అగాధం తునక 148. మీ దగ్గరున్న పుస్తకం ఏ వరసలో ఉందో ముందుమాటలో చూసుకోండి. ఏదో ఒకదానికి కట్టుబడితే చాలు.

ఈ కట్టల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక నా పద్ధతి మొత్తం మారిపోయింది. అంతకుముందు పుస్తకం తెరిచి ఎక్కడ మెరిస్తే అక్కడ ఒకటి ఏరేవాణ్ణి. పాస్కల్ మాత్రం వాటిని ఏరుకుని తినే పళ్లలా రాయలేదు. ఒక కట్ట పేరు 'దైన్యం', ఇంకోదాని పేరు 'ఘనత', తర్వాతది 'వైరుధ్యాలు'. ఒకటి ఇంకోదానికి జవాబు. ఆయన ఏం చేస్తున్నాడో 130వ తునకలో తానే చెప్పాడు: మనిషి తన్ను తాను పొగుడుకుంటే నేను వాణ్ణి దించుతాను, తన్ను తాను దించుకుంటే పొగుడుతాను, తానొక అర్థంకాని వింతజీవినని వాడికి అర్థమయ్యేదాకా ఎప్పుడూ వాడికి ఎదురే చెబుతాను.

మీ గ్రూప్ చప్పబడడానికి కారణం కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పాస్కల్ చదివేవాడి మాటకు ఎదురు చెప్పే రచయిత. మీరు ఆయన చేత రోజూ తల ఊపిస్తున్నారు. పొద్దున్నే మంచి మాట అనగానే మనకి తెలియకుండానే మనసుకి హాయినిచ్చే సగాన్ని తీసుకుని, రెండో సగాన్ని వదిలేస్తాం. మూడు నెలలు వరసగా హాయి పంపితే చేతులు జోడించిన బొమ్మలే వస్తాయి.

రెల్లు మాటనే తీసుకోండి (200). "మనిషి ఒట్టి రెల్లు, ప్రకృతిలో అన్నిటికన్నా బలహీనమైనది, కానీ ఆలోచించే రెల్లు." ఇంతవరకే అందరూ పంపుతారు. తర్వాతి వాక్యాలు చూడండి. వాణ్ణి నలిపేయడానికి విశ్వమంతా ఆయుధం పట్టక్కర్లేదు, కాస్త ఆవిరి, ఒక నీటిచుక్క చాలు. కానీ విశ్వం నలిపేసినా వాడు తనను చంపినదానికన్నా గొప్పవాడే, ఎందుకంటే తాను చనిపోతున్నానని వాడికి తెలుసు, విశ్వానికి ఏమీ తెలియదు. మొదటి వాక్యం విడిగా పంపితే అదొక అందమైన పోలిక. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నవాడికి ఆ నీటిచుక్క కూడా పంపండి, అప్పుడు అది వాడితో మాట్లాడుతుంది. ఇంకో మాట. తెలుగు బైబిలు చదివినవాళ్లకు రెల్లు అనగానే "నలిగిన రెల్లును అతడు విరువడు" అన్న యెషయా వచనం గుర్తొస్తుంది. 'గడ్డిపోచ' అని అనువదించినవాళ్లు ఆ తలుపు మూసేసినట్టే.

అనువాదం దగ్గరే ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే మీరు సొంతంగా తెలుగు చేస్తున్నానన్నారు. మంచి పని. మూలం ఎవరి సొత్తూ కాదు, కానీ ఈ మధ్యకాలపు అనువాదాలకు విడిగా హక్కులుంటాయి. మనం మనకి చేసుకున్న తెలుగుకి ఆ టెన్షన్ లేదు. రెండు ఇంగ్లీషు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి. అవి ఎక్కడ విడిపోతే అక్కడ మూలంలో ఏదో ఉందని అర్థం. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టిన ఫ్రెంచి మాట 'దివెర్టిస్మాఁ'. మొదట 'వినోదం' అని రాసేవాణ్ణి. ఆయన ఉద్దేశం అంతకన్నా పెద్దది. వేట, జూదం, యుద్ధం, పదవి, చివరికి లెక్కల్లో మునిగిపోవడం కూడా అందులోకే వస్తాయి. మనసును తన నుంచి పక్కకు లాగేది ఏదైనా అదే. ఇప్పుడు 'మళ్లింపు' అంటున్నాను. వినడానికి రోడ్డు పని బోర్డులా ఉంది, అయినా అర్థం సరిపోతుంది.

'హృదయం' మాత్రం మనకి కలిసొచ్చింది. "హృదయానికి తన కారణాలు తనకున్నాయి, అవి బుద్ధికి తెలియవు" (423) అన్న మాట ప్రేమలేఖల్లో, పెళ్లి కార్డుల్లో తిరుగుతుంటుంది. మనసు చెప్పింది చెయ్యి, లెక్కలు వేయకు అన్నట్టుగా వాడతారు. లెక్కలు వేయొద్దని చెప్పేవాడేనా పాస్కల్? తండ్రి పన్నుల లెక్కలకు సాయంగా పంతొమ్మిదేళ్లకే కూడికలు చేసే యంత్రం తయారీకి పూనుకున్నవాడు. 110వ తునక పక్కన పెట్టి చూడండి. స్థలానికి మూడు కొలతలున్నాయని, అంకెలకు అంతు లేదని మనకు హృదయం ద్వారానే తెలుసు, బుద్ధి ఆ పునాది మీదే తన నిరూపణలు కట్టుకుంటుంది అంటాడు. అంటే హృదయం ఉద్వేగం కాదు, నిరూపణ లేకుండానే నేరుగా తెలుసుకునే చోటు. తెలుగు బైబిల్లోనూ హృదయం ఆలోచించే చోటే కదా: "దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు." ఈ కీర్తన వచనం జత చేసి పంపిన రోజున నాకు పెద్దగా వివరించాల్సిన పని పడలేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కట్ట, 'మళ్లింపు'. మీరు దీనితోనే మళ్లీ మొదలుపెట్టాలి. ఇందులో అందరికీ తెలిసిన వాక్యం: "మనుషుల దుఃఖమంతా ఒక్కదాని నుంచే వస్తుంది, ఒక గదిలో ఊరికే కూర్చోవడం వాళ్లకి చేతకాదు" (136). దీన్ని ఇప్పుడు ధ్యానం నేర్పేవాళ్లు, ఫోన్ తగ్గించమనేవాళ్లు వాడుకుంటున్నారు. గదిలో కూర్చోవడం నేర్చుకో, బాగుపడతావు అని. నేనూ ఏడాదిపాటు అలాగే పంపాను. కానీ పాస్కల్ అక్కడ ఆగడు. ఎందుకు కూర్చోలేకపోతున్నామో ఇంకా దగ్గరగా చూశాను అంటాడు. మన స్థితే అంత దీనమైనది, దగ్గరగా ఆలోచిస్తే ఏదీ ఓదార్చలేదు, అదీ కారణం అంటాడు. అంటే గదిలో కూర్చుంటే మొదట దొరికేది ప్రశాంతత కాదు. ఆ మాటను ప్రశాంతత కోసం పంపడం దాన్ని తలకిందులు చేయడమే.

తర్వాత ఉదాహరణలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. రోజూ కాసిన్ని డబ్బులతో జూదమాడుతూ విసుగు లేకుండా బతికేవాడున్నాడు. వాడు ఆ రోజు గెలవగలిగినంత డబ్బు పొద్దున్నే చేతిలో పెట్టి, ఇక ఆడొద్దని షరతు పెట్టండి. వాడి బతుకు దుఃఖమే. పోనీ వాడికి కావాల్సింది డబ్బు కాదు, ఆటే అనుకుందామా? పందెం లేకుండా ఆడమనండి, విసుగుతో చస్తాడు. ఆ గెలుపు తనకు సంతోషమిస్తుందని వాడు నమ్మాలి, తన్ను తాను మోసం చేసుకోవాలి. వేటగాడూ అంతే. రోజంతా తరిమే కుందేలును ఊరికే ఇస్తే పుచ్చుకోడు. రాజు చుట్టూ అంతమంది ఎందుకు? ఆయన్ను ఒంటరిగా తన గురించి ఆలోచించనివ్వకుండా ఉంచడానికి.

ఇక్కడ చాలామంది దాటేసే వాక్యం ఒకటుంది. కొననైనా కొనని కుందేలు కోసం రోజంతా పరిగెడతారేమిటి, మూర్ఖులు అనుకునే తత్వవేత్తలకు మన స్వభావమే తెలియదు అంటాడు. అంటే ఆయన వేటగాణ్ణి తిట్టడంలేదు. మనకు మన చావు గురించి ఆలోచన రాకుండా చేసేది కుందేలు కాదు, వేట, అంతే. మీరు ఈ తునక పంపేటప్పుడు స్వరం తిట్టులా ఉంటే గ్రూప్‌లో ఫోన్ ఎక్కువ చూసేవాళ్లంతా తమనే అన్నారనుకుంటారు. నా గ్రూప్‌లో అనుకున్నారు. ఒకరు బయటికి వెళ్లిపోయారు కూడా, తప్పు నాదే. ఈ కట్టలోని తునకలు వారం రోజులు వరసగా పంపండి, చివర 133 పెట్టండి: చావుకు, దైన్యానికి, అజ్ఞానానికి మందు దొరక్క మనుషులు సంతోషంగా ఉండడానికి వాటి గురించి ఆలోచించకూడదని తీర్మానించుకున్నారు.

పందెం (418) రోజువారీ మాటగా పంపకండి. అది ఒక వాక్యం కాదు, కిక్కిరిసిపోయేలా రాసిన వాదం, మధ్యలో ఎదుటివాడి అభ్యంతరాలు కూడా ఉంటాయి. ఒక్క లైనుగా చేస్తే "దేవుడుంటే లాభం, లేకపోతే నష్టం లేదు, నమ్మేయండి" అని మిగులుతుంది. చదివినవాడికి బేరంలా, బెదిరింపులా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందరి దేవుళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది కదా అన్న అభ్యంతరం 18వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త డిడెరో ఎత్తినదే, మీ గ్రూప్‌లో ఆ కుర్రాడు అడిగిందీ అదే. అది మంచి ప్రశ్న, కొట్టిపారేయకండి. నా దృష్టిలో ఆ తునకలో అసలు విలువైన చోటు లెక్క అయిపోయాక వస్తుంది. ఎదుటివాడు అంటాడు: సరే, లెక్క ఒప్పుకున్నాను, అయినా నేను నమ్మలేకపోతున్నాను, నన్నేం చేయమంటావు? పాస్కల్ ఇంకో నిరూపణ ఇవ్వడు. నీకంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్లు ఎలా మొదలుపెట్టారో అలా మొదలుపెట్టు అంటాడు. నమ్మలేని మనిషితో అలా మాట్లాడినవాణ్ణి బేరగాడు అనడం నాకు కష్టం. ఆదివారం సాయంత్రం కూర్చుని అందరూ కలిసి చదివే వీలుంటే అప్పుడు తీయండి.

"ఈ అనంతమైన ఖాళీల నిత్య మౌనం నన్ను భయపెడుతుంది" (201) అన్నదీ జాగ్రత్త. అది పాస్కల్ సొంత భయం కాదని, ఆయన గ్రంథంలో అవిశ్వాసి చేత పలికించడానికి రాసుకున్న మాట కావచ్చని కొందరు పండితుల అభిప్రాయం. పంపండి, కానీ "పాస్కల్ భయపడ్డాడు" అని మీ వ్యాఖ్య రాయకండి.

క్రైస్తవుల గ్రూప్ కాబట్టి మీరు దాటేస్తున్నట్టున్నారు, కానీ 813 తప్పకుండా పెట్టండి: "మతవిశ్వాసంతో చేసినప్పుడు చేసినంత నిండుగా, అంత సంతోషంగా మనుషులు చెడు ఇంకెప్పుడూ చేయరు." నాస్తికులు ఈ మాటను మనమీదికి విసురుతారు. మన మనిషి అన్నది, మనమే ముందు చదువుకుంటే సరిపోదూ?

మెసేజ్ పొడవు అడిగారు. మాట, కింద నంబరు, రెండు మూడు లైన్ల సందర్భం, అంతే. మీ సాక్ష్యం, ప్రార్థన, పువ్వు బొమ్మ వద్దు. ఆ మూడు లైన్లకే నాకు అరగంట పడుతుంది. జెసూట్ గురువులను విమర్శిస్తూ రాసిన 'ప్రొవిన్షియల్ లేఖల్లో' పదహారోదాని చివర పాస్కల్ కూడా క్షమాపణ చెప్పుకున్నాడు, చిన్నగా రాసే తీరిక లేక ఈ ఉత్తరం పొడవైందని. ఈ మాట వేరేవాళ్ల పేర్ల మీద తిరుగుతుంటుంది. ఆయనదే, 1656 డిసెంబరు.

ఒక్కటి మాత్రం మామూలు మెసేజ్‌లా పంపడానికి నాకు ఇప్పటికీ చేయి రాదు. 1654 నవంబరు 23 రాత్రి, సుమారు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఏం జరిగిందో ఆయన ఒక కాగితం మీద రాసుకున్నాడు. పైన తేదీ, వేళ రాశాక "అగ్ని" అన్న ఒక్క మాట. "అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్వవేత్తల, పండితుల దేవుడు కాదు." కింద బైబిల్లోని రూతు మాట, "నీ దేవుడే నా దేవుడు". ఆనందం, ఆనందం, ఆనందం, ఆనందబాష్పాలు. దాన్ని కోటు లోపలి గుడ్డలో పెట్టి కుట్టుకున్నాడు. కోటు మారినప్పుడల్లా విప్పి మళ్లీ కుట్టుకున్నాడు. ఎనిమిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. పోయాక పనివాడి చేతికి తగిలింది. రోజుకొక మాట పంచే మనలాంటివాళ్లం దాని ముందు కాస్త సిగ్గుపడాల్సిందే. నేను ఏడాదికి ఒక్కసారి, ఆ తేదీన, వివరణ లేకుండా పెడతాను.

నెలంతా దైన్యం, మళ్లింపు నడిచాక గ్రూప్ మరీ బరువెక్కితే, 919లో క్రీస్తు పలికినట్టు రాసుకున్న మాట ఒకటుంది: "ఊరడిల్లు. నేను నీకు దొరికి ఉండకపోతే నువ్వు నన్ను వెతికేవాడివి కాదు." దాన్ని దాచి ఉంచండి. మొదటి వారంలోనే ఖర్చు పెట్టేయకండి.

రేపు మాత్రం కొత్త మాటేమీ వద్దు. ఆ అడిగినాయనకు అందరి ముందూ జవాబు పెట్టండి: ఆ వాక్యం పాస్కల్‌ది కాదు, పొరపాటు నాది, అసలుది లఫ్యూమా 148లో ఉంది, ఇదిగో అని. పట్టికలో దేన్నీ కత్తిరించకుండా పెట్టండి. నేను ఆ పని చేసిన రోజున మా గ్రూప్‌లో రాత్రి దాకా మాటలు ఆగలేదు. అందులో సగం క్యాబేజీ గురించే.